గింగిరాల ఎలుకలూ, మా మేష్ట్రూ

మేష్ట్రు పోయారని కార్డు వచ్చింది. కోలారు దగ్గర పల్లెలో ఉండే ఆయన చెల్లెలు రాసింది. ఒక మూల చింపిన కార్డు కాబట్టి చదవకముందే సంగతి తెలిసిపోయింది. రాత గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉంది. ఆ చెల్లెలికి పలక పట్టించి అక్షరాలు దిద్దించింది తానేనని ఆయన ఎప్పుడో చెప్పారు. "అన్న శనివారం వెళ్ళిపోయినాడు. బాధ పడలేదు. ముందురోజు కూడా మీ ఇంటి మాటే. వాటికి మేత ఆపవద్దని మీకు రాయమన్నాడు." అంతే రాసింది.

"వాటికి" అంటే వేటికో రాయలేదు. అందరి కళ్ళా పడే కార్డు మీద, పరువైన ఇంటికి, ఎలుకలని రాయడానికి మొహమాటపడి ఉంటుంది.

కార్డు నేను పైకే చదివాను. మా కోడలు వింది. ఏడవలేదు. లేచి పెరటి గదిలోకి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న ఆయన గడియారానికి కీ ఇచ్చి, పెట్టెల్లో రాగులు పోసి, నీళ్ళు మార్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ వరస చూస్తే మేష్ట్రు మెచ్చుకునేవారు.

నేనిది పంపుతున్న ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఆయన దగ్గర జంతుశాస్త్రం చదువుకున్నవాళ్ళే. మీకు తెలిసినాయన నల్లబల్ల ముందు నిలబడి కప్ప గుండెకాయను రంగు సుద్దలతో గీసినాయన. ఆ బొమ్మలు బాగుండేవని విన్నాను. నేను చెప్పబోయేది మా పెరటి గదిలో ఏడేళ్ళపాటు రోజూ సాయంత్రం నాలుగున్నరకి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళినాయన గురించి. ఇక్కడి కన్నడం వాళ్ళతోపాటు మేమూ ఆయన్ని మేష్ట్రు అనే పిలిచాం. పేరు పెట్టి పిలిచే అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

యుద్ధం మొదలైన రెండో ఏడు వచ్చారు. కాలేజీలో ఆయన ఎలుకల్ని పెంచుకునే గదిని యుద్ధపు పనులకు తీసుకున్నారట. చిక్కపేట వెనక సందులో మా ఇల్లు. ఒకప్పుడు నూలు నిల్వచేసిన గది ఒకటి పెరట్లో ఖాళీగా ఉంది. ఎవరో చెప్పగా వచ్చి, గడప అవతలే నిలబడి, గొడుగు ముడిచి, "అమ్మా, గది చూడొచ్చునా?" అన్నారు. చంకలో చిల్లులు పొడిచిన బిస్కెట్ల డబ్బా ఉంది.

"ఎందరుంటారు?" అన్నాను.

"నేనుండను. నా వాళ్ళుంటారు."

"అదే, ఎందరు?"

"ఈ పొద్దుకి అరవై నాలుగు."

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి, పెద్ద పంతులమ్మగా దిగినదాన్ని. అరవై నలుగురంటే బెదరలేదు. వాళ్ళు ఎలుకలని తెలిశాక మాత్రం, "ఎలుకల్ని వదిలించుకోడానికి ఈ పేటలో పిల్లుల్ని సాకుతారు. మీరు వాటికి గది అద్దెకడుగుతున్నారా?" అన్నాను.

"ఇవి ఊరెలుకలు కాదమ్మా. చూడండి. చూసినాక వద్దంటే గొడుగు విప్పుకొని పోతాను."

డబ్బా మూత తీశారు. వేలెడంత చిట్టెలుక, తెలుపు మీద నల్ల మచ్చలు. నేలమీద పెట్టగానే తన తోకను తానే తరుముకుంటున్నట్టు గింగిరాలు తిరగడం మొదలెట్టింది. పది చుట్లు, ఇరవై చుట్లు. ఆగింది, ముక్కు పైకెత్తి వాసన చూసింది, మళ్ళీ తిరిగింది.

"దీనికేమన్నా పిచ్చా?"

"పిచ్చి కాదమ్మా. చెవి లోపల పుట్టుకతోనే ఒక లోపం ఉండాది. దాంతో తూకం నిలవదు. చెవుడు కూడా. తల్లిదండ్రుల నుంచి వస్తాది."

నేను ఎలుకను చూడడం మానేశాను. నా చూపు నడవ వైపు పోయింది. అక్కడ నాలుగేళ్ళ నా మనవరాలు గోడ పట్టుకుని నడుస్తోంది. మాట తేటగా వచ్చింది, చెవులు పాము చెవులు. నడక ఒక్కటే తూలుతుంది. ఎడమకి తూలుతుంది. తొందరపడితే సగం చుట్టు తిరిగిపోతుంది. గడపలన్నిటికీ దాని నుదురు పరిచయమే.

"గది తీసుకోండి" అన్నాను. ఎందుకు మనసు మార్చుకున్నానో ఆయన అడగలేదు. ఆయన కూడా నడవ వైపు ఒకసారి చూశారు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మెచ్చుకోదగ్గ సంగతి కాదు. మా అబ్బాయికి మా అన్న కూతుర్నే చేసుకున్నాను. మేనరికం. తెలిసిన పిల్ల, తెలిసిన వంట, తెలిసిన కోపతాపాలు. పాప నడక తేడాగా ఉందని తెలిసిన రోజు నుంచి నేను కూర్చుని లెక్క వేశాను. మా పుట్టింట్లో తూలినవాళ్ళు లేరు. మా అత్తింట్లో లేరు. ఇక మిగిలింది మా వదిన పుట్టిల్లు, అంటే కోడలి తల్లి తరఫు. నాకు లెక్కలు బాగా వచ్చు. అందుకే తప్పు లెక్క కూడా అంత ధైర్యంగా వేశాను.

వేసినదాన్ని మనసులో ఉంచుకునే అలవాటు నాకు లేదు. పాప ఎక్కడ తగులుకున్నా, "మీ అమ్మమ్మ వాళ్ళ నడక వచ్చింది తల్లీ" అనేదాన్ని. కోడలు ఏమీ అనేది కాదు. దెబ్బ మీద ఇంత పసుపు అద్ది మళ్ళీ పనిలో పడేది. అది ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. బడిలో కూడా మారు చెప్పని పిల్లలందరికీ పాఠం అర్థమైందనే అనుకునేదాన్ని.

మేష్ట్రు గదిలో మూడు వంశాలుండేవి. గింగిరాలు తిరిగే మచ్చల వంశం యుద్ధానికి ముందు మద్రాసు రేవులో ఎవరో ఓడవాడు అమ్మినవి, జపాను జాతి. జపాను వాళ్ళు యుద్ధంలోకి దిగాక, "వీటి ఊరి పేరు బయట అనకండి, పోలీసులు వచ్చి పట్టుకుపోతారు" అన్నాను. "ఎవర్నమ్మా, నన్నా, వీటినా?" అన్నారు. "తిండి దండగ ఎవరయితే వాళ్ళని" అన్నాను. రెండోది తెల్ల వంశం. మందులు పరీక్షించే చోట పెంచినవి, నిదానస్తులు. మూడోది చిక్కపేటలో ఒక బట్టల మండీలో ఆయన స్వయంగా బోను పెట్టి పట్టుకొచ్చిన గోధుమరంగు వంశం. పట్టుచీర కొంగులు తప్ప మరోటి కొరకని దొరబిడ్డలు.

ఒక్కో వంశం పెట్టెల దగ్గరికి పోయేముందు కుంకుడు రసంతో చేతులు కడుక్కునేవారు. "దేవుడి గదికి కూడా ఇంత మడి కట్టరు మీరు" అన్నాను ఒకసారి.

"దేవుడు వాసన పట్టడమ్మా. ఇవి పడతాయి."

కాఫీ ఇస్తే పైన కట్టిన మీగడను చెంచాతో తీసి, బాలింత ఎలుకలకని గదిలోకి పట్టుకుపోయేవారు. కోడలు అది గమనించి వాటికి వేరే చిన్న గిన్నెలో పాలు పెట్టడం మొదలెట్టింది. అయినా ఆయన మీగడ తీయడం మానలేదు. "అది మీరిచ్చింది. ఇది నేనిచ్చేది" అన్నారు.

ఆయన కంటిచూపు అప్పటికే మందగిస్తోంది. నా దస్తూరీ బాగుంటుందని నోటుపుస్తకం నా చేతికిచ్చారు. పని ఏమిటంటే, ఎలుకను బల్ల మీద పెట్టి, గడియారం చూస్తూ, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగింది, ఎటు తిరిగింది, ఎప్పుడు ఆగింది, తల ఊపిందా అని రాయడం. మొదటి వారం నేను రాసింది చదివి ఒక మాట కొట్టేశారు. తెల్లదాని గురించి "మర్యాదగా నడిచింది" అని రాశాను.

"మర్యాద దాని కాళ్ళలో లేదమ్మా. రాసేవాళ్ళ కండ్లలో ఉండాది. కాళ్ళు ఏం చేసినాయో అంతే రాయండి. ఏంటికి చేసినాయో తర్వాత చూసుకుందాం."

ఆ మర్నాటి నుంచి పెట్టె చీటీల మీద కాగితాలు అతికించారు. ఏది ఏ వంశమో నాకు తెలియకుండా ఒక్కోదాన్నీ వెలుతురు తగలని మూల నుంచి తెచ్చి బల్లమీద పెట్టేవారు. రంగు కనిపిస్తూనే ఉంటుంది కదా అంటే, ఆ సంగతి తనకీ తెలుసనీ, కనీసం తల్లిదండ్రులెవరో తెలియకపోతే కొంత నయమనీ అన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల తండ్రుల పేర్లు చూసి మార్కులు వేసినదాన్నని నాతో నేరుగా అనలేదు. అనకపోవడం ఆయన మంచితనం.

పాప ఆ గది గుమ్మంలో కూర్చునేది. ఆయన ఎలుకల్ని ఎలా చూసేవారో దాన్నీ అలాగే చూసేవారు. జాలి లేకుండా, శ్రద్ధగా. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మా, పాప ఎప్పుడు ఎక్కువ పడతాది?" అన్నారు.

"ఎప్పుడూ పడుతుంది."

"లేదు. పొద్దు కుంకే ముందర. రెండు వారాలుగా చూస్తా ఉండాను. వెలుతురు బాగుంటే దాని కండ్లు దాన్ని నిలబెడతాయి. మసక అయితే కండ్లకీ పట్టు దొరకదు. మీరు దీపం ఎప్పుడు పెడతారు?"

"అందరూ పెట్టినప్పుడే."

"ఒక అరగంట ముందు పెట్టండి."

కిరసనాయిలుకు కటకటగా ఉన్న కాలం. మేం ఆలోచిస్తున్నామని చూసి, తన గదిలో పొద్దుగూకాక చదవడానికి కళ్ళు ఎలాగూ సహకరించడం లేదని చెప్పి, తన వంతు నూనె సీసాను మా నడవలో పెట్టి వెళ్ళేవారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీపం అరగంట ముందు వెలిగింది. సాయంత్రపు దెబ్బలు తగ్గాయి. వాటిని నేను అన్నాళ్ళూ అల్లరి అని తిట్టాను.

ఇక నేను చేసిన ఘనకార్యం.

మచ్చల వంశాన్ని ఆయన ఎలా నిలబెట్టారో నాకు చాలాకాలం తెలియదు. ఒకసారి పరీక్షల పనిమీద నాలుగు రోజులు ఊరెళుతూ కాగితం మీద రాసిచ్చారు. "ఏడో పెట్టెలో మగదాన్నీ, ఏడో పెట్టెలో ఆడదాన్నీ పదో పెట్టెలో కలపండి." నేను పెట్టె దగ్గరికి వెళ్ళి చదువుకున్నాను. ఏడు, ఏడు. ఒక తల్లి పిల్లలు. ఒకే కాన్పు. తోడబుట్టినవాళ్ళు.

మూత పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కాగితం మీద అక్షరం తప్పుపోయిందేమోనని మళ్ళీ చూశాను. లేదు. ఆయన ఆచారవంతులు, పొరపాటున రాసి ఉంటారని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆడదాన్ని పదో పెట్టెలో వదిలాను. అన్నగారిని బ్రహ్మచారుల పెట్టెలోకి పంపాను. చిక్కపేట గోధుమరంగు వంశంలో ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్న ఒకడిని చూసి పెళ్ళికొడుకుగా తెచ్చాను. వరస కుదిరింది, గోత్రం వేరు, పిల్లవాడు మండీలో పుట్టినవాడు. కన్యాదానం చేసినంత తృప్తిగా చేతులు కడుక్కున్నాను.

మూడు వారాలకు పిల్లలు పుట్టాయి. పది రోజులకు బొచ్చు వచ్చింది. ఏడింటికీ గోధుమరంగు. ఒక్కదానికీ మచ్చ లేదు. కళ్ళు తెరిచి నడవడం మొదలెట్టాక చూస్తే, ఒక్కటీ తిరగలేదు. గీత గీసినట్టు తిన్నగా నడిచాయి.

మేష్ట్రు కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. మళ్ళీ తుడుచుకున్నారు. "ఇదేంటిదమ్మా?"

"మేనమామ పోలిక వచ్చిందేమో" అన్నాను.

"మేనమామ ఒళ్ళంతా మచ్చలే."

నేను పెట్టెల వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు.

"మార్చినారా?"

"మార్చాను. అన్నాచెల్లెళ్ళకి నా చేతులతో ముడి పెట్టలేకపోయాను."

ఆయన పీట మీద కూర్చున్నారు. "పదకొండు తరాలమ్మా" అన్నారు. ఒకసారే అన్నారు. వంశంలో తేడాలేవీ లేకుండా అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటేనే, తిరగడమనే గుణాన్ని విడిగా చూడగలమనీ, అందుకే తోడబుట్టినవాటినే కలుపుతూ వచ్చాననీ చెప్పారు.

కాసేపటికి లేచి నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. "రాయండి. ఎవరు మార్చినారు, ఎప్పుడు, దేన్ని తెచ్చి పెట్టినారు. తప్పును పారేయకూడదమ్మా, రాసుకోవల్ల. ఆ వంశం ఇంకో పెట్టెలో ఉండాది, పోయింది లేదు. ఇప్పుడు ఈ గోధుమ పిల్లల్లోనే అన్నాచెల్లెళ్ళను కలపాల. ఈసారి మీరు వంటింట్లో ఉండండి."

మధ్యాహ్నం పప్పు రుబ్బుతూ కోడలు తల ఎత్తకుండా అంది: "ఎలుకలకి దగ్గర సంబంధం పనికిరాదనుకున్నావు అత్తా. నాకూ మీ అబ్బాయికీ అవ్వాతాతలు ఒకరే గదా."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎదురు చెప్పిందన్నది మాత్రం ఎక్కింది. రెండో కాన్పుకు అప్పుడు దానికి మూడో నెల. "ఈ బిడ్డన్నా మా వైపు నడక తెచ్చుకుంటే చాలు" అన్నాను. అది రుబ్బడం ఆపి, నన్ను ఒకసారి చూసి, మళ్ళీ రుబ్బింది.

ఏడో నెలలో కాన్పుకని పుట్టింటికి ప్రయాణమైంది. అది వాడుకే. కానీ సర్దిన ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంటే చూశాను. పాప పలక ఉంది. పాప చలికాలపు కోటు ఉంది. పెళ్ళినాడు మా అన్న ఇచ్చిన వెండి కుంకుమభరిణ ఉంది. ఎండల్లో కాన్పుకు వెళ్ళి తిరిగి వచ్చే మనిషికి ఇవన్నీ అక్కర్లేదు. మా అబ్బాయిని అడిగాను. వాడు చొక్కా గుండీలు చూసుకుంటూ, "ఈ బిడ్డ కూడా అట్లే పుడితే నీ మాటలు మళ్ళీ మొదట్నుంచి వినలేనంటా ఉండాది. రాదంట" అన్నాడు.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను. నాకూ వినేదానికి కష్టంగానే ఉండాది."

మర్నాడు మధ్యాహ్నం రైలు. పొద్దున్నే మేష్ట్రు సెలవు రోజని పెందలాడే వచ్చి, పెరట్లోంచి పిలిచారు. "అమ్మా, పుస్తకం తీసుకొని రండి."

గోధుమరంగు అన్నాచెల్లెళ్ళకు పుట్టిన పిల్లలు కళ్ళు తెరిచి రెండు రోజులైంది. తొమ్మిది ఉన్నాయి. ఒక్కోదాన్నే బల్ల మీద పెట్టారు. మొదటిది తిన్నగా నడిచింది. రెండోదీ అంతే. మూడోది, ఒంటి మీద ఒక్క మచ్చ లేని గోధుమరంగుది, రెండడుగులు వేసి గిర్రున తిరిగింది. మరొకటి తిరగలేదు, నిలబడి తల మాత్రం అటూ ఇటూ ఊపింది, వద్దు వద్దన్నట్టు. గుమ్మంలో ఉన్న పాప నవ్వి, "అవ్వా, ఇది వద్దమ్మ" అంది. ఆ పేరు దానికి ఉండిపోయింది. మేత ముందు పెడితే ముందు తల ఊపి కాదనేది, తర్వాత మొత్తం తినేది. ఇంట్లో ఎవరి పోలికో అందరికీ తెలుసు, ఎవరూ నా ముందు అనలేదు.

"వీటి తల్లి తిరగలేదు" అన్నాను.

"లేదు."

"తండ్రి తిరగలేదు."

"అదీ లేదు. ఇద్దరిలోనూ దాగి ఉండాది. ఒక్క వైపు నుంచే వస్తే కనపడదమ్మా. రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడే బయటపడతాది. గోధుమ వంశంలో పుట్టినా, మచ్చల అవ్వ ఒకటుండాది గదా, అది తన కొడుకూ కూతురూ ఇద్దరికీ ఇచ్చింది."

కలం ఆగిపోయింది. మా కోడలికీ మా అబ్బాయికీ ఉమ్మడిగా ఉన్నది ఎవరు? మా వదిన పుట్టిల్లు కాదు. వాళ్ళ నెత్తురు మా అబ్బాయిలో చుక్క లేదు. ఉన్నది మా అమ్మా నాన్నా. అటు మా అన్న, ఇటు నేను. గీత గీసినట్టు తిన్నగా నడిచిన గోధుమ ఎలుకలం.

"మేష్ట్రూ, ఈ లెక్క మనుషులకి కూడా ఇంతేనా?"

ఆయన తొందరపడలేదు. ఎలుకను పెట్టెలో పెట్టి, మూత వేసి, అప్పుడు అన్నారు. "ఎలుక ఎలుకేనమ్మా. మీ పాపది ఇదే అవునో కాదో నాకు తెలీదు. తెలీనిది చెప్పను. ఒకటి మాత్రం చూసినారు. ఒకే లోపం, ఒకే కాన్పు. ఒకటి గిర్రున తిరిగె, ఇంకోటి సుమ్నే, ఊరికే తల ఊపె. లోపం ఒకటే, అది దిగిన ఇల్లు వేరు. అందుకని లోపం పేరు చెప్పేసి, ఇది ఇట్లే నడుస్తాదని ముందే రాసిపెట్టలేము."

వీధిలో జట్కా వచ్చి ఆగింది. నేను నోటుపుస్తకం చేత్తోనే పట్టుకుని వెళ్ళాను. కోడలు పాపను ఎక్కించి, తాను కాలు పైకి పెడుతోంది. క్షమించమని అడగడం నాకు రాదు. ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు. జట్కావాడు వింటున్నాడని తెలిసీ చెప్పాను.

"ఒసే, ఆ నడక మీ అమ్మ తరఫుది అయ్యే వీల్లేదు. అయితే గియితే మా అమ్మానాన్నలది. మీ నాన్న నుంచి నీకు, నా నుంచి వాడికి. ఇద్దరి మధ్యా ఉన్న మనిషిని నేను."

కోడలు పెట్టిన కాలు కిందికి దించింది. "ఎలుకలు చెప్తేగాని తెలీలేదా అత్తా నీకు? నాకు పాప నడిచిన ఏడే తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వింటావా. అవి నోరు లేనివి, అందుకని విన్నావు."

ట్రంకుపెట్టెలోంచి పాప పలక తీసి నా చేతికిచ్చింది. "ఇది ఇక్కడే ఉండనీ. వచ్చినాక వెతుక్కునే పని లేకుండా" అంది. జట్కా కదిలింది. నేను వీధిలో ఒక చేత నోటుపుస్తకం, ఒక చేత పలక పట్టుకుని నిలబడ్డాను. నా బడి పిల్లలెవరైనా చూస్తే మళ్ళీ చదువుకి బయల్దేరానని అనుకునేవారు.

బిడ్డకు మూడో నెల వచ్చాక తిరిగి వచ్చింది. మగపిల్లవాడు. తిన్నగా నడిచాడు. వాడిలో ఏం దాగి ఉందో నాకు తెలియదు. మేష్ట్రు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఒకరోజు మాత్రం, "ఆ పొద్దు కావాలనే పిలిచారు కదా?" అని అడిగాను.

"ఎలుకల మాట చెప్పేదానికి పిలిచినానమ్మా. మీరే యాడికో పోయినారు."

ఆ తప్పు పెళ్ళి నుంచి ఆయన నాలుగేళ్ళు పనిచేశారు. ఆ లోపాన్నే ఒక పక్క తెల్ల వంశంలోకి, ఒక పక్క చిక్కపేట వంశంలోకి తరం తర్వాత తరం దించుతూ పోయారు. తెల్ల ఇంట్లో దిగినవి చాలామటుకు పెద్ద చుట్లు, నిదానంగా తిరిగేవి. గోధుమ ఇంట్లో దిగినవి బొంగరంలా తిరిగేవి, అయినా తీగ పట్టుకుని పైకి పాకేవి. ఎక్కడైనా ఒక వద్దమ్మ పుట్టేది. చీటీలు మూసిపెట్టి నేను రాసిన పుస్తకాలు ఎనిమిది. వాటిలో ఎక్కడా మర్యాద అనే మాట లేదు. ఆయన దీన్నంతా ఒక వ్యాసంగా రాయాలనుకున్నారు. మొదటి పేజీలో, ఈ పనికి మూలం ఇంటి యజమానురాలు చేసిన ఒక మార్పు అని రాస్తానన్నారు. "మార్పు ఏమిటి, తప్పని రాయండి" అన్నాను. "తప్పని పుస్తకంలో రాసుకున్నాం గదా. అచ్చులో పెద్దవాళ్ళ మర్యాద పెద్దవాళ్ళకుండాల" అన్నారు. మొదటి వారం ఆ మాట కొట్టేశాక మళ్ళీ ఆయన నోట మర్యాద అని వినడం అదొక్కసారే.

వ్యాసం పూర్తికాలేదు. కళ్ళు పూర్తిగా మసకబారాయి. నెల కిందట చెల్లెలి దగ్గరికి వెళుతూ, గడియారం మేకుకే ఉంచి, "అది వాటిది. నాకు ఏం పని?" అన్నారు. గొడుగు మాత్రం తీసుకెళ్ళారు. పాప వీధి మలుపుదాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది. కళ్ళు కనపడని ఆయన, తూలే ఈ పిల్ల. ఎవరు ఎవరిని నిలబెడుతున్నారో వెనక నుంచి చూస్తే తెలియలేదు.

కాలేజీ వాళ్ళు ఇంకా ఏమీ రాయలేదు. రాస్తే పుస్తకాలు ఇస్తాను. ఎలుకల సంగతి కోడలిని అడగమంటాను. ఇప్పుడు మూడు పెట్టెలే మిగిలాయి. కార్డు వచ్చిన రోజే వద్దమ్మ వంశంలో కొత్త పిల్లలు కళ్ళు తెరిచాయి. ఆ రోజు ఎవరూ పుస్తకం ముట్టలేదు.

ఈ సాయంత్రం కోడలు ఎప్పటిలాగే అరగంట ముందు దీపం పెట్టింది. ఇంకా బయట వెలుతురుంది. పాపకు ఇప్పుడు పదకొండేళ్ళు. రాగుల గిన్నె పట్టుకుని నడవలోంచి పెరటి గదికి వెళుతోంది. ఇదివరకైతే నేను జాగ్రత్త అని కేకవేసేదాన్ని, దాంతో అది ఉలిక్కిపడి పడేది. ఈసారి ఊరుకున్నాను. ఒళ్ళో తెరిచి ఉన్న పుస్తకంలో, తారీఖు వేసి, ఆయన చెప్పినట్టే రాశాను.

నడవలో పన్నెండు అడుగులు. ఎడమకి ఒకసారి తూలింది. గడప పట్టుకుంది. ఆగింది. దాటింది. గిన్నెలో రాగులు ఒలకలేదు.